బెల్లం బట్టీలో గాలిని తూచిన రోజు

1936 జనవరి. నిజామాబాద్‌లో పెంకుల కప్పు కింద మూడు గదులున్న ఆడపిల్లల బడిలో నేను సైన్సు, లెక్కలు చెప్పేదాన్ని. ఆటల పీరియడు కూడా నా నెత్తినే పడింది. మిగిలిన ఇద్దరు పంతులమ్మలకు ఎండలో నిలబడితే నల్లబడతామని భయం. నాకు ఆ భయం పుట్టుకతోనే తీరిపోయింది.

మద్రాసు పోయి ఫిజిక్సు తీసుకుని బి.ఏ. చదివి వచ్చినదాన్నని ఊళ్లో నాకు ఒక పేరు. నోరు ఊరుకోదని ఇంకొక పేరు. రెండూ నిజమే కాబట్టి దేనికీ నొచ్చుకోలేదు.

బడిలో చెప్పే సైన్సు బయట ఎవరికైనా పనికొస్తుందా అని నన్ను చాలామంది అడిగారు. అడిగేవాళ్లకు జవాబు అక్కర్లేదు, ఆడపిల్లలకు సైన్సు దండగ అని నా నోటితో అనిపించుకోవాలి, అంతే. అలాంటివాళ్ల కోసం ఒక సంగతి దాచుకున్నాను. ఆ సంగతిలో ఉన్నది ఒక తోలు బంతి, ఒక వెండి తూచే త్రాసు, ఒక మనిషి కూడు.

మా బడి ఆయా గంగవ్వ. రోజూ పొద్దున ఇంటింటికీ తిరిగి పిల్లలను వెంటబెట్టుకుని తీసుకురావడం ఆమె పని. ఆడపిల్లను ఒంటరిగా వీధిలోకి పంపే ఇళ్లు కావు అవి. గంగవ్వ పోకపోతే బడి లేనట్టే. ఒక సోమవారం నేను వచ్చేసరికి ఆమె బడి మెట్ల మీద కూర్చుని ఉంది. పిల్లలు ఒక్కరూ లేరు.

"పంతులమ్మా, మా తమ్మున్ని బట్టీల కెల్లి ఎల్లగొడుతుండ్రు," అంది. "గా ఫుట్‌బాల్ బంతిల గాలి దీసిండట. పైసలకు అమ్ముడువోయిండట. ఆడు గట్లాంటోడు గాదు."

నీళ్లు తాగించి మొదటి నుంచి చెప్పమన్నాను. గంగవ్వ చెప్పింది ముక్కలు ముక్కలుగా. నేను ఇక్కడ వరసగా చెబుతాను.

నిజాంసాగర్ కాలువ నీళ్లు పారినప్పటి నుంచి బోధన్ చుట్టుపక్కల చెరుకు పెరిగింది. చెరుకుతో పాటు బెల్లం బట్టీలు పెరిగాయి. బట్టీ అంటే గానుగ ఆడించిన రసాన్ని పెద్ద కడాయిలో పోసి ఉడికించి బెల్లం దించే కొట్టం. బోధన్ నుంచి వర్ని పోయే దారిలో ఒక పటేలుకు అలాంటి బట్టీ ఉంది. గంగవ్వ తమ్ముడు సాయిలు ఆ బట్టీలో బెల్లం వండుతాడు. అతని గుడిసె కూడా పటేలు జాగాలోనే. పెళ్లాం లచ్చవ్వ, ఏడాది నిండని కొడుకు.

పటేలు కొడుకు హైదరాబాదులో చదువుతూ ఫుట్‌బాల్ నేర్చుకుని వచ్చి ఊళ్లో జట్టు కట్టాడు. ఆ జట్టు బంతిని చూసుకునే పని సాయిలుకు అప్పజెప్పారు. ఎందుకంటే చలికాలంలో సాయంత్రం ఆట అయ్యేసరికి తోలు తడిసి ఉంటుంది, ఎండలో పెడితే పగులుతుంది. బట్టీ వెనక గోడకు మాత్రం రాత్రింబవళ్లు ఒకే వెచ్చదనం. సాయిలు బంతిని ఆ గోడకు వేలాడదీసి ఆరబెట్టేవాడు, తోలుకు ఆముదం రుద్దేవాడు, ఆట ఉన్న పొద్దున అక్కడే కూర్చుని సైకిల్ పంపుతో గాలి కొట్టేవాడు.

అప్పటి బంతి ఎలా ఉండేదో ఇప్పటివాళ్లకు చెప్పాలి. పైన తోలు ముక్కలు కుట్టిన చిప్ప. లోపల బ్లాడర్, అంటే రబ్బరు తిత్తి. తిత్తికి ఒక మెడ. ఆ మెడలోంచి గాలి కొట్టి, దారంతో గట్టిగా కట్టి, లోపలికి మడిచి, తోలును బూట్లకు కట్టినట్టు లేసుతో బిగించాలి. ఒకసారి బిగించాక మళ్లీ గాలి కొట్టాలంటే మొత్తం విప్పాల్సిందే.

ఆదివారం పొద్దున నిజామాబాద్ జట్టుతో పందెం. పెద్ద ఆఫీసరు ఒకాయనను చూడడానికి పిలిచారు. తెల్లవారుజామున పటేలు కొడుకు బట్టీకి వచ్చి బంతిని బొటనవేలితో నొక్కి చూసి భేష్ అన్నాడు. సాయిలు దాన్ని తీసుకుని మైదానానికి పోయాడు. అక్కడ ఆఫీసరు రావడం ఆలస్యమైంది. వచ్చాక పూలదండలు, ఉపన్యాసం. బంతి మంచు గడ్డి మీద కూర్చుని అన్నీ విన్నది. ఆఫీసరు మొదటి తన్ను తన్నాడు. ఆట మొదలైన కాసేపటికే బంతి బరువెక్కిందని పటేలు కొడుకు అరవడం మొదలుపెట్టాడు. తంతే దబ్బుమంటుంది, ఎగరదు, దూరం పోదు. బోధన్ పిల్లలది పొడుగు తన్నుల ఆట. నిజామాబాద్ వాళ్లది దగ్గర దగ్గరగా అందించుకునే ఆట. ఆఫీసరు ముందర బోధన్ జట్టు ఓడింది.

ఆట అయ్యాక నొక్కి చూస్తే బంతి మెత్తగా ఉంది. పొద్దున రాయిలా ఉన్న బంతి. మధ్యలో దాన్ని పట్టుకున్నది సాయిలు ఒక్కడే. పైగా అతని అక్క నిజామాబాద్‌లో పని చేస్తుంది, అంతకు ముందు వారమే అతను అక్కను చూడడానికి వచ్చి పోయాడు. ఇంకేం కావాలి? నిజామాబాద్ వాళ్లు ఆయా చేతుల మీదుగా పైకం పంపారని ఊరు తేల్చేసింది. అంటే ఆ తగువులో మా బడికి కూడా ఒక ముక్క దక్కింది.

పటేలు తీర్పు ఇదీ: సాయిలు కందకుర్తిలో గోదావరి, మంజీర కలిసే చోట మునిగి, తడిబట్టలతో కొడుకును ఎత్తుకుని, వాడి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యాలి. వేస్తే సరి. లేకపోతే బట్టీ, గుడిసె రెండూ ఖాళీ చెయ్యాలి. సాయిలు ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది లచ్చవ్వ. పిల్లగాణ్ని ఇయ్యనని కొంగులో చుట్టుకుని కూర్చుంది. దాంతో ఉన్న అనుమానం కాస్తా రూఢి అయింది. తప్పు చేయనివాడి పెళ్లానికి ఒట్టంటే భయమెందుకని.

నేను గంగవ్వను రెండే సంగతులు అడిగాను. గాలి కొట్టింది కచ్చితంగా పొయ్యి దగ్గరేనా? బంతి మైదానంలో ఎంతసేపు ఊరికే పడి ఉంది? పొయ్యి దగ్గరే, పొయ్యి గోడకు ఆనుకునే, అంది. ఆఫీసరు వచ్చేదాకా సాయిలు చలికి వణుకుతూ నిలబడ్డాడని, గొంగడి కూడా తెచ్చుకోలేదని చెప్పింది. నాకు నవ్వొచ్చింది. గంగవ్వకు ఒళ్లు మండింది.

"మా బతుకు వోతుంటే నీకు నగుబాటైతుందా, పంతులమ్మా?"

"నీ తమ్ముడు బంతిలకెల్లి గాలి తియ్యలేదే. చలి తీసింది. తియ్యను కూడా తియ్యలే, ముడిచింది," అన్నాను.

ఆమెకు అది వేళాకోళంలా వినిపించింది. మీకు అలా వినిపించకూడదు కాబట్టి వివరం చెబుతాను. బంతిలో ఉన్న గాలి లోపలి నుంచి తోలును నెట్టే బలాన్ని ప్రెషర్ అంటారు. గాలి వేడెక్కితే ఎక్కువ నెడుతుంది, చల్లబడితే తక్కువ నెడుతుంది. గాలి ఒక్క పిసరు బయటికి పోకపోయినా సరే. ఎండాకాలంలో నిండుగా గాలి కొట్టిన సైకిల్‌ను ఎండలో నిలబెడితే ట్యూబు ఢామ్మంటుందని సైకిల్ ఉన్న ప్రతివాడికీ తెలుసు. అదే మాట తిరగేసి ఆలోచించమంటే మాత్రం ఎవరికీ తోచదు. బట్టీ కొట్టంలో ఎండాకాలం, బయట మైదానంలో చలికాలం. సాయిలు ఎండాకాలంలో గాలి కొట్టి బంతిని చలికాలంలోకి మోసుకుపోయాడు.

తెలిసింది సరే, పటేలుకు చూపించాలి. నోటితో చెబితే ఆడదాని వాదన అంటారు. మా బడిలో ఫిజికల్ బ్యాలెన్సు ఉంది, అద్దాల పెట్టెలో పెట్టిన సున్నితమైన త్రాసు, కాని అది బంతి బరువు మోయలేదు. బజారులో వెండి పని చేసే ఒకాయన కూతురు మా దగ్గర చదివేది. ఆయన దగ్గర పెద్ద త్రాసు ఉండేది, వెండి కడియాలు తూచేది, రెండు మూడు గురిగింజల తేడా కూడా పట్టేది. అడిగితే బెల్లం పాకం దగ్గరికి పోనివ్వనని నా చేత మాట తీసుకుని ఇచ్చాడు. చిల్లర తూకానికి ఒక సంచీలో గురిగింజలు కూడా పోసి ఇచ్చాడు.

మా ప్రధానోపాధ్యాయురాలు సెలవు ఇవ్వడానికి నసిగింది. మగవాళ్ల ఫుట్‌బాల్ తగువులో మనకేం పని అని. ఆయా పిల్లలను తీసుకురాక బడి మూతపడింది కదా, ఇది బడి పనే అన్నాను. వాదించి గెలవడం కన్నా సెలవు ఇవ్వడం తేలికని ఆమెకు అనుభవమే.

మరునాడు పొద్దున్నే గంగవ్వ, నేను బస్సు ఎక్కాం. త్రాసు పెట్టె నా ఒళ్లో, గురిగింజల సంచీ గంగవ్వ ఒళ్లో.

మేం పోయేసరికి బట్టీ నడుస్తోంది. సాయిలు కడాయి దగ్గర లేడు, వేరేవాడు గరిటె తిప్పుతున్నాడు. సాయిలు బయట గోడ నీడలో చేతులు మోకాళ్ల చుట్టూ వేసుకుని కూర్చున్నాడు. లచ్చవ్వ గుడిసె గుమ్మంలో పిల్లవాణ్ని తొడ మీద వేసుకుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు.

పటేలు మంచి మనిషే, నిజం చెప్పాలంటే. కబురు పంపగానే వచ్చి నాకు నులక మంచం వేయించాడు. వకీలు గారి బిడ్డవు కదా అని మా నాన్న క్షేమం అడిగాడు. తరువాత నెమ్మదిగా, ఇది ఊరి తగువు, ఊరి పద్ధతి ఊరికి ఉంది అన్నాడు.

"తప్పు జెయ్యకుంటే ఒట్టు వెట్టనీకి భయమెందుకమ్మా? నువ్వే జెప్పు."

"మీ కొడుకు కూడా బంతిని ముట్టిండు గద, పటేల్ సాబ్. పొద్దున్నే నొక్కి చూసిండు. మీరు గూడ మీ కొడుకు నెత్తి మీద చెయ్యి వెట్టి మునుగున్రి. జోడీగ మునిగితే ఊరికి ఇంకా నమ్మకం," అన్నాను.

ఆయన ముఖం మారింది. ఊళ్లో వాళ్లు నలుగురైదుగురు చేరారు, వాళ్లు నేల చూపులు చూశారు. నా కొడుకుతోటి ఆనికి జోడేంది అని ఆయన అంటాడనుకున్నాను. అనలేదు. "నువ్వేం జూపిస్తవో జూపియ్యి," అన్నాడు.

చూపించే ముందు ఆయన నోటితో ఒక మాట చెప్పించుకోవాలి. పరీక్ష అయ్యాక ఇది నేను ముందే అనుకున్నాను అనేవాళ్లను బడిలో చాలామందిని చూశాను. బంతిలో గాలి పోతే బంతి బరువు పెరుగుతుందా, తగ్గుతుందా అని అడిగాను.

"గాలి నింపితే తేలికైతది, పోతే బరువైతది. గందుకే గదా మా పోరలు తన్నలేకపోయిన్రు. గిది ఎవన్ని అడిగినా జెప్తడు," అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నారు. పటేలు కొడుకు కూడా అవునన్నాడు. అతను ఇంటర్మీడియట్ చదువుతున్నాడు.

"అయితే సాయిలు గాలి తీసి ఉంటే బంతి బరువు పెరగాలి. తియ్యకపోతే గంతే ఉండాలి. ఒప్పుకుంటున్రా?"

ఒప్పుకున్నాడు. సాక్ష్యంగా ఉంచడానికి ఆయన బంతిని ఆదివారమే తన ఇంట్లో పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అది నాకు మేలే అయింది. తోలు బాగా ఆరి ఉంది, ఎవరూ ముట్టలేదు, తాళంచెవి ఆయన దగ్గరే ఉంది.

పెట్టెలోంచి తీసిన బంతిని అందరి చేత నొక్కించాను. మెత్తగా ఉంది. కొట్టం బయట ఒక పెద్ద బండ ఉంది. గుమ్మం పైన ఉండే అడ్డకమ్మి ఎత్తు నుంచి బంతిని ఆ బండ మీద వదిలి, అది ఎగిరిన ఎత్తుకు గోడ మీద బొగ్గుతో గీత గీశాను. తరువాత తూకం. త్రాసుకు ఒకవైపు పళ్లెం విప్పి ఆ కొక్కేనికి బంతిని దారంతో వేలాడదీశాం. రెండోవైపు తులాల రాళ్లు వేసి, చివరి కొసరుకు గురిగింజలు వేసి ముల్లును నిలబెట్టాను. ఆ పళ్లెంలోవి ఎవరూ తాకకూడదని గంగవ్వను కాపలా పెట్టాను. గంగవ్వ కాపలా ఉంటే ఈగ కూడా వాలదు.

ఆ మీదట బంతిని బట్టీ గోడకు, సాయిలు ఎప్పుడూ వేలాడదీసే మేకుకే తగిలించాం. పటేలును దాని పక్కనే కూర్చోమన్నాను, చూపు తిప్పవద్దని. వేడికి తోలులో మిగిలిన తేమ కాస్త పోతుంది, తూకంలో ఒకటి రెండు గింజలు తగ్గవచ్చు, అది ఇప్పుడే చెబుతున్నాను అన్నాను. పటేలు తల ఊపాడు.

మధ్యాహ్నం కాకముందే బంతి మారింది. పటేలే నొక్కి చూశాడు. ఒక వేలుతో నొక్కాడు, తరువాత రెండు చేతులతో. దాన్ని కొడుకు చేతికి ఇచ్చాడు. కొడుకు బయటికి తెచ్చి అదే ఎత్తు నుంచి వదిలాడు. బంతి బొగ్గు గీతను దాటి, దాని మీద జానెడు ఎగిరింది. లేసు ముడి ఆదివారం నాటిదే. గాలి ఒక్క పోటు కొట్టలేదు.

"గాలి లేకుంట ఎట్ల గట్టివడ్డది?" అని ఎవరో అడిగారు.

"ఉన్నది గాబట్టి," అన్నాను. "ఆదివారం నాడు ఎంత ఉన్నదో గంతా ఉన్నది. పోయి ఉంటే ఎక్కడి నుంచి వస్తది?"

మళ్లీ తూచాం. మూడు గింజలు తీస్తే ముల్లు నిలబడింది. పటేలు ఇందుకోసమే కాచుకున్నట్టు లేచాడు.

"తగ్గింది గద. ఏదో పోయింది గద."

తేమ సంగతి ముందే చెప్పాను కదా అని కోపంగా అనబోయి ఆగాను. కోపం వల్ల తూకం మారదు. "మంచిది. గాలి పోతే ఎంత తేడా వస్తదో గూడ చూద్దాం. మీరు పెరుగుతదన్నరు," అని బంతిని సాయిలుకు ఇచ్చాను. ఇప్పుడు నిజంగానే గాలి తియ్యి అన్నాను.

సాయిలు తియ్యనన్నాడు. రెండు రోజులుగా ఊరంతా అతను చేశాడంటున్న పనిని అందరి ముందు చేయమంటే చేతులు రాలేదు. చివరికి గంగవ్వ కసిరింది. లేసు విప్పి, బ్లాడర్ మెడ బయటికి లాగి, దారం ముడి వదులు చేశాడు. బుస్సుమంది. దానంతట అది ఆగేదాకా వదిలాం. తరువాత దారం, లేసు ఒక్క పోగు కూడా పోకుండా అన్నీ కలిపి మళ్లీ కొక్కేనికి తగిలించాను.

బంతి వైపు పైకి లేచింది. గింజల వైపు కిందికి దిగింది. నేను ఒక్కొక్క గింజా తీసి పటేలు అరచేతిలో పెట్టడం మొదలుపెట్టాను. పది తీసినా ముల్లు నిలబడలేదు. ఇరవై. ముప్పై దాటాక నిలబడింది. పటేలు తన చేతిలో ఎర్రగా పోగుపడ్డ గురిగింజలను చూసుకున్నాడు.

"ఇది గాలి బరువు, పటేల్ సాబ్. సాయిలు గాలి తీసి ఉంటే బంతి ఇంత తేలికైపోయేది. మీరు ఆదివారం పెట్టెలో పెట్టిన బంతిల ఇదంతా ఉన్నది."

ఆయన గింజలు లేని చేత్తో, గాలి తీసిన బంతిని కొక్కెం నుంచి తీసి ఊపి చూశాడు. "చేతికి గింత బరువుగనే ఉన్నది గదమ్మా," అన్నాడు. ఈసారి వాదన కాదు, నిజంగా అడుగుతున్నాడు.

మంచి ప్రశ్న. గట్టి బంతిని తన్నితే అది కాలిని వెంటనే నెట్టి దూకిపోతుంది. మెత్తటి బంతి ముందు లోపలికి సొట్టపోతుంది, తన్నులో సగం బలాన్ని మింగేస్తుంది. పరుపు మీద గుద్దినట్టు. దూరం పోదు, కాలికి మొద్దుగా తగులుతుంది. దానికి మనం పెట్టుకున్న పేరు బరువు. కాలు చెప్పే బరువు వేరు, త్రాసు చెప్పే బరువు వేరు. అయితే ఆదివారం బంతి నిజంగా కూడా కొంత బరువెక్కి ఉంటుంది, గాలి వల్ల కాదు, మంచు వల్ల. గడ్డి మీది నీళ్లు తోలు తాగుతుంది. అందుకే ఆముదం రుద్దేది అన్నాను.

అప్పుడు సాయిలు తనంతట తాను నోరు తెరిచాడు. చాలా చిన్న గొంతుతో. "శనివారం మాపటికి ఆముదం తుడువుమన్నరు."

నాకు సంగతి అర్థం కావడానికి క్షణం పట్టింది. ఆఫీసరు తెల్ల ప్యాంటు వేసుకుని వస్తాడు, మొదటి తన్ను తంతాడు, మరక పడకూడదు. బంతిని శనివారం సాయంత్రం పొడిబట్టతో మెరిసేట్టు తుడిపించారు. తుడవమన్నది ఎవరో సాయిలు చెప్పలేదు. పటేలు చేతిలో గురిగింజలను గుప్పిట మూసి పట్టుకున్నాడు.

బంతిని బరువెక్కించింది మీ ఇల్లే అనే మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. ఊరందరి ముందు చెప్పడానికి అంత చక్కగా అమరిన మాట నాకు మళ్లీ దొరకలేదు. కాని ఆ మాట అంటే గెలిచేది నేను. బట్టీ, గుడిసె పటేలువి. నేను సాయంత్రం బస్సుకు పోతాను, సాయిలు పోడు.

పటేలు గొంతు సవరించుకున్నాడు. "అయితే చలి జేసిందన్నట్టు."

"చలే," అన్నాను.

ఆయన కడాయి వైపు తిరిగాడు. గరిటె తిప్పుతున్నవాణ్ని పక్కకు జరగమన్నాడు. "పాకం ముదురుతుంది, సూడు. పో," అన్నాడు సాయిలుతో. అంతే. తప్పు అయిందని అనలేదు, నేను కూడా అనిపించాలని చూడలేదు. నోటి దురుసు ఎక్కువని నాకు పేరు తెచ్చినవాళ్లు ఆ రోజు అక్కడ లేకపోవడం నా దురదృష్టం.

ఆ జట్టు మాత్రం ఆ తరువాత బంతికి మైదానంలోనే గాలి కొట్టింది. ఆముదం దండిగా పట్టించింది. మరో పందెంలో నిజామాబాద్ చేతిలో మళ్లీ ఓడింది, ఈసారి రాయిలాంటి బంతితో. గోలు కాచేవాడికి దిష్టి తగిలిందని విన్నాను. దిష్టిని తూచే త్రాసు కోసం నన్ను పిలవలేదు.

ఇప్పుడు లచ్చవ్వ సంగతి. అసలు ఈ కథ చెప్పింది అందుకే. సాయంత్రం బస్సుకు బయలుదేరుతుంటే ఆమె ఆకులో చుట్టిన వేడి బెల్లం ముద్ద తెచ్చి నా చేతిలో పెట్టింది. పిల్లవాడు చంకలో నిద్రపోతున్నాడు. నీ మొగుడు ఒట్టు వేస్తానంటే నువ్వెందుకు ఆపావు, దేవుడంటే అంత భయమా అని అడిగాను. నేను కూడా లోపల అదే అనుకున్నాను. మూఢనమ్మకం అని. చదువుకున్నవాళ్లకు చప్పున తట్టే మాట అదే.

"దేవునికెందుకు భయపడుత, అమ్మా," అంది. "ఆయనకు ఎరుకే గద, నా పెనిమిటి ఏం జెయ్యలేదని. మందికి భయపడ్డ. పసిపోరడు. రేపు జరం రాదా? దగ్గు రాదా? అచ్చిన నాడు ఊరంత ఏమంటది? దొంగ ఒట్టు వెట్టిండు, గందుకే పోరనికి తగిలిందంటది. ఎన్నేండ్లయినా గదే అంటది."

ఆమె చెప్పింది తర్కం. ఆ ఒట్టులో సాయిలు బయటపడే దారి లేదు. ఒట్టు వేయకపోతే దొంగ, వేస్తే పిల్లవాడికి జ్వరం వచ్చేదాకా మాత్రమే మంచివాడు. జ్వరం రాని పిల్లలు ఏ ఊళ్లోనూ లేరు. ఆమెకు త్రాసు, ప్రెషర్ తెలియవు. నేను చెప్పిన దాంట్లో సగం ఆమెకు అర్థం కాలేదని ఆమే అంది. కాని ఏ పరీక్షకు పిల్లవాణ్ని ఇవ్వకూడదో ఆమెకు తెలుసు.

ఆ తరువాత బడిలో ప్రతి ఏడూ పిల్లలకు ఒక మాట చెప్పేదాన్ని. ఎవరైనా మిమ్మల్ని పరీక్షకు నిలబెడితే ముందు ఇది అడగండి: నేను తప్పు చేయకపోతే ఆ సంగతి దీంట్లో ఎలా తెలుస్తుంది? దానికి జవాబు లేకపోతే అది పరీక్ష కాదు, శిక్ష. బట్టీలో బంతి మెత్తగానే మిగిలి ఉంటే సాయిలు గతి ఏమయ్యేదో నాకు తెలుసు, అయినా తూచాను. ఎందుకంటే ఆ త్రాసు ఎటైనా వంగగలదు.

ఆ ఎండాకాలం గంగవ్వ ఒక పొద్దున ఆలస్యంగా వచ్చింది. తమ్ముడి కొడుకుకు జ్వరం, చూడడానికి పోయానంది. ఊళ్లో సగం మంది పిల్లలకు వచ్చిందట. ఎవరైనా ఏమన్నా అన్నారా అని అడిగాను. ఏమంటారు, ధనియాల కషాయం పొయ్యమన్నారు అంది. నాలుగు రోజులకు తగ్గింది.